ఖాళీ సీటు షరతు

మా ఇంట్లో అందరిదీ బట్టల కొట్టు బతుకే. బేరంలో మొదట చెప్పేది తగ్గడానికే చెబుతామని అక్షరాలకన్నా ముందే నేర్చుకున్నాను. ఆ తెలివితోనే రెండువేల సంవత్సరం ప్రాంతంలో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో చేరాను. ఇది జరిగింది నా ప్రొబేషన్ ఆఖరి వారంలో. బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో సీటు కేటాయించే కోడ్ ముక్క, మా భాషలో క్లాసు, నా వంతు. శుక్రవారం లోపల అది అందరి కోడ్‌తో కలిస్తేనే ఉద్యోగం ఖాయం.

మా టీమ్ లీడ్ తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు. కోడ్‌కన్నా ముందు ప్రతి క్లాసుకూ ఒప్పందం రాయాలని ఆయన పట్టు: క్లాసును పిలిచేవాళ్ళు, అంటే తమ కోడ్‌లో వాడుకునేవాళ్ళు, ముందుగా ఏమేం సరిచూసుకోవాలి, బదులుగా క్లాసు ఏం చేసిపెడుతుంది.

ఒప్పందమనగానే నాలోని కొట్టువాడు లేచి కూర్చున్నాడు. ఏడు షరతులు రాశాను. మూడు వదులుకోవడానికే. పిలిచేటప్పటికి సీటు ఖాళీగా ఉండాలన్నది మాత్రం వదలకూడదనుకున్నాను. అసలు కష్టమంతా అక్కడే ఉంది మరి, అది అవతలివాళ్ళ నెత్తిన పడుతుంది. నేనిచ్చిన హామీ ఒక్కటే: సీటు ప్రయాణికుడి పేరిట నమోదవుతుంది.

నా క్లాసును వాడాల్సింది టికెట్ కౌంటర్ స్క్రీన్‌కు కోడ్ రాస్తున్న గుంటూరమ్మాయి. సోమవారం ఒప్పందం పంపి, బేరానికి వస్తుందని చూశాను. మంగళవారమూ రాలేదు. నీళ్ళ వంకతో నాలుగుసార్లు ఆమె కుర్చీ పక్కనుంచి నడిచాను. తలెత్తలేదు. బుధవారం ఆగలేక నేనే అడిగాను.

"షరతులు చూశారా? ఒకటి రెండు తగ్గించొచ్చు."

"తగ్గించేదేంటండీ? చదివా, వద్దనుకున్నా. నా క్లాసు నేనే రాసుకుంటున్నా, సగం అయింది కూడా."

కొట్టులో అయితే మెట్లు దిగేవాళ్ళను వెనక్కి పిలవొచ్చు. ఈమె అసలు మెట్లెక్కనే లేదు.

"ఎందుకని?"

"సీటు ఖాళీయో కాదో నేను చూసి మిమ్మల్ని పిలిచేలోగా పక్క కౌంటర్‌లో ఎవరో బుక్ చేసేస్తే? నేనెలా గ్యారంటీ ఇస్తానండీ?"

వెనక నుంచి లీడ్ అందుకున్నాడు. "ఏమప్పా, ఆయమ్మ చేతిలో లేనిదాన్ని ఆయమ్మనే అడిగితే ఎట్ల? బుకింగంతా నీ క్లాసులోనే ఉండాది గదా."

"బేరమాడతారనుకుని రాశాను సార్."

"నీతో బేరమాడేదానికి కోడ్‌కు నోరుండాదా అప్పా?"

ఆమె గడువిచ్చింది. "రేపు సాయంత్రం దాకా ఆగుతా. ఆ తర్వాత నాదే పెట్టేస్తా."

శుక్రవారం పొద్దున దాకా అనబోయి నోరు మూసుకున్నాను.

గురువారానికి రెండే షరతులు మిగిలాయి: ప్రయాణ తేదీ దాటిపోకూడదు, ఆ నంబరు సీటు ఆ బస్సులో ఉండాలి. ఖాళీ చూడడం, కేటాయించడం మధ్యలో ఎవరూ దూరకుండా రెండూ నా క్లాసే చేస్తుంది. సీటు లేకపోతే లేదని వెంటనే చెబుతుంది.

ఆమె కొత్త ఒప్పందం కాగితాన్ని రెండుసార్లు చదివింది. "అంతేనా? ఇంకేం దాచలేదుగా?"

"అంతే."

తను సగం రాసిన క్లాసు ఫైలును ఎంచి, డిలీట్ నొక్కింది. నిజంగానే చెరిపేయాలా అని కంప్యూటర్ అడిగింది. ఆమె సరే నొక్కేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.