ప్యాసింజరు గార్డు తెచ్చిన కవరు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మాటలు. ఆ రెండు మాటలూ అన్న రోజు నుంచి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. అందరికన్నా తక్కువ నా మీద. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే, ఇది విని ఎవరి చెవిన వేస్తారో అని ముందు మీ మొహంలోకి చూసేదాన్ని. పేర్లు మార్చాను. నా పేరు మాత్రం చెప్పను.

నేను విమానాల్లో పనిచేస్తాను, కేబిన్ క్రూ. పుట్టి పెరిగింది ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో, బచేలీలో. నాన్న ఇనుప గనిలో ఖనిజం తవ్వే షావెల్ యంత్రం నడుపుతాడు. నా స్నేహితురాలు ఎస్తేరుది పక్కనే కిరండూల్, రైల్వే క్వార్టర్లు. వాళ్ల నాన్న రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మాది విజయనగరం వైపు, వాళ్లది శ్రీకాకుళం వైపు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పాఠం హిందీలో, బజారు బేరం అక్కడి హల్బీ భాషలో, కొట్లాట మాత్రం తెలుగులో. చివరికి ఇద్దరం ఒకే రోజు ఒకే కంపెనీలో ట్రైనింగుకి చేరాం.

మా ఉద్యోగంలో మనిషికో నంబరు ఉంటుంది. సీనియారిటీ నంబరు. ఏ ఊళ్లో ఉండాలో, ఏ విమానం ఎక్కాలో, ఏ పండక్కి ఇంటికెళ్లాలో అన్నీ అదే చెబుతుంది. పైనున్నవాళ్లు కోరుకుంటారు, కిందున్నవాళ్లకి మిగిలింది దక్కుతుంది. మరీ అడుగున ఉన్నవాళ్లది రిజర్వు. అంటే యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, పెట్టె సర్దుకుని, ఫోను ముందు పెట్టుకుని, పిలుస్తారా పిలవరా అని కూర్చోవడం. పిలిస్తే వెంటనే పరుగెత్తాలి. పిలవకపోయినా ఆ రోజు మనది కాదు.

ఒకే బ్యాచిలో చేరినవాళ్లలో వయసులో పెద్దవాళ్లది పై నంబరు. ఎస్తేరు నాకన్నా మూడు నెలలు పెద్ద. అక్కా అని పిలవమని ఏడిపించేది. ట్రైనింగు మధ్యలో తనకి మలేరియా వచ్చింది. బస్తర్ పిల్లలకి అది మామూలే గాని, ఆసారి నెల దాకా లేవలేదు. తర్వాతి బ్యాచితో కలిసి ముగించింది. అయినా చేరిన తేదీనే లెక్కలోకి తీసుకుంటామని కంపెనీ ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ ఉత్తరాన్ని వాళ్లమ్మ కిరండూల్లో ట్రంకు పెట్టెలో దాచింది.

మా ఇద్దరి బేస్ విశాఖపట్నం. రైలెక్కితే ఇల్లు. ఎస్తేరుకి ఇంకో కారణం కూడా ఉంది. తన కూతురు దీవెనకి పుట్టుకతోనే వినబడదు. మూడేళ్లప్పుడు ఆపరేషన్ చేసి చెవిలో మిషను పెట్టారు. మిషను పెట్టినంత మాత్రాన మాట రాదు, నేర్పాలి. విశాఖలో వారానికి రెండుసార్లు మాట నేర్పే చోటికి తీసుకెళ్లేది. ఇప్పుడు నేర్పితేనే వస్తుంది, వయసు దాటితే కష్టం అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటికి ఆ పిల్లకి వచ్చినవి అమ్మ, పాలు, రా, వద్దు. నన్ను చూస్తే "రా" అనేది. మొగుడి ఊసు ఎస్తేరు ఎత్తనిచ్చేది కాదు. పిల్లా, ఉద్యోగమూ, అంతే తన లోకం.

అప్పుడు వచ్చింది విలీనం. మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ తనలో కలుపుకుంది. పైకి కేకు కోశారు, కొత్త రంగు స్కార్ఫులు పంచారు. లోపల మా సీనియారిటీ పట్టీనీ వాళ్ల పట్టీనీ కలిపి ఒకటే చేస్తున్నారు. ఎవరు ఎవరి కింద పడతారో తెలియదు. అన్నాళ్లూ ఒకే డబ్బాలోంచి తిన్నవాళ్లం ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టాం. ఆ కంపెనీ వాళ్లు తేదీలు దిద్దించుకుంటున్నారట. ఫలానా ఆమె డ్యూటీలు వేసే రోస్టర్ ఆఫీసులో రోజూ టీ తాగుతోందట. నిప్పు లేనిదే పొగ రాదనుకునే మనిషిని నేను. చిన్నప్పటి నుంచీ అంతే. ఎక్కణ్నించి వస్తున్నావు, ఎవరింటికి, సంచీలో ఏముంది అని ప్రతి పోలీసు నాకా దగ్గరా ఆపి అడిగే ఊళ్లల్లో పెరిగాను. అడగడమూ తెలుసు, దాచడమూ తెలుసు. ఇది సాకని మీరనుకుంటే, సాకే కావచ్చు.

ఆ రోజుల్లోనే ఎస్తేరు రోస్టర్ అధికారి గదిలోంచి నవ్వుతూ బయటికి రావడం రెండుసార్లు చూశాను. ఏంటి పని అని అడిగితే "ఏం లేదులే" అంది. ఆ "ఏం లేదులే" నేను మర్చిపోలేదు.

ముసాయిదా పట్టీ బయటపెట్టారు. కొత్త పద్ధతిలో ట్రైనింగు ముగించిన తేదీ లెక్క. అలా ఎస్తేరు నాకన్నా బాగా కిందికి జారిపోయింది. విశాఖలో మనుషుల్ని తగ్గిస్తున్నారు. మిగిలిన చోట్లలో ఆఖరిది నాకు వచ్చింది. అభ్యంతరాలుంటే అసలు కాగితం తెచ్చి విశాఖ ఆఫీసు రిజిస్టరులో రాయించాలి, పది రోజులు గడువు. మనిషి రాలేకపోతే తోటి ఉద్యోగి తెచ్చినా చాలు. ఎస్తేరు ఆ ఉత్తరం చూపిస్తే మళ్లీ నా పైకి వెళ్తుంది. ఆఖరి చోటు తనదవుతుంది. నేను ఢిల్లీ వెళ్లి రిజర్వులో కూర్చోవాలి.

ఉత్తరం కోసం ఎస్తేరు పిల్లని వెంటబెట్టుకుని కిరండూల్ వెళ్లింది. వెళ్లాక దీవెనకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. వానలకి అక్కడ ఫోన్లు పోయాయి. అలా అవుతుందని మాకు తెలుసు, అందుకే తను బయల్దేరే ముందే నాతో అనుకుంది. తను రాలేకపోతే వాళ్ల నాన్న కవరు ప్యాసింజరు రైలు గార్డు చేత పంపుతాడు, నేను సాయంత్రాలు స్టేషనుకెళ్లి చూడాలి.

మా లైను మీద అదొక ఆనవాయితీ. మందులు, సర్టిఫికెట్లు, వెదురు చిగుళ్లు, పెళ్లి చీరలు, ఏదైనా సరే కిరండూల్లో గార్డు చేతిలో పెడితే విశాఖ చేరుతుంది. దారిలో గార్డులు మారతారు. దిగేవాడు ఎక్కేవాడికి బండితో పాటు ఆ సంచీ కూడా అప్పగిస్తాడు. రసీదు ఉండదు, సంతకం ఉండదు. ఫలానావాళ్లది, ఫలానావాళ్లకి అని ఒక్క మాట. అలా పంపినది ఏదీ పోయిందని నేను వినలేదు.

మూడో సాయంత్రం ఆఖరి గార్డు దిగి కవరు నా చేతిలో పెట్టాడు. ఆయన ఎస్తేరు వాళ్ల నాన్నకి ప్రాణ స్నేహితుడు. చిన్నప్పుడు మాకు బిస్కెట్లు కొనిపెట్టినవాడు. గార్డు బాబాయ్ అనేవాళ్లం. కవరులో ఉత్తరం, దానికి గుచ్చి ఎస్తేరు రాసిన చీటీ. "నువ్వే ఇవ్వు. ఇంకెవర్నీ నమ్మబుద్ధి కావట్లేదు."

మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. రిజిస్టరు బల్ల దగ్గర వరస ఉంది. నిలబడ్డాను. నా ముందు ఇద్దరుండగా వెనక్కి వచ్చేశాను. ఇంకా టైముంది కదా అనుకున్నాను. ఆ మర్నాడు నాకు డ్యూటీ. ఆ తర్వాత తలనొప్పి. ఇవ్వకూడదని నేను ఏనాడూ నిర్ణయించుకోలేదు, ఇవ్వడం వాయిదా వేశాను, పిరికివాళ్ల దొంగతనం అలాగే ఉంటుంది. వాయిదా వేసిన ప్రతిసారీ రోస్టర్ అధికారి గది తలుపూ, అందులోంచి వస్తున్న ఎస్తేరు నవ్వూ గుర్తు చేసుకున్నాను. తను నాకు తెలియకుండా ఏదో నడుపుతోంది, నేను చేసేది దానికి జవాబు మాత్రమే. అనుమానం ముందు పుట్టిందా, ఆ పని చేయడానికి కావలసి వచ్చి పుట్టించుకున్నానా? నాలుగేళ్లుగా అడుగుతున్నాను. రెండోదే నిజమని నాకు తెలుసు.

గడువు దాటిన మూడు రోజులకి ఎస్తేరు వచ్చింది. చంకలో దీవెన, జ్వరంతో సగమైంది. గుమ్మంలోనే అడిగింది.

"కవరు ఇచ్చీసినావా?"

"ఏ కవరు?"

ఇవే ఆ రెండు మాటలు. ఎలా వచ్చాయో తెలియదు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నాన్న పంపినాడు కదే, ప్యాసింజరుకి. అందనేదా?"

"రోజూ వెళ్లి చూశానే. ఎవరూ ఏమీ ఇవ్వలేదు."

తను గోడకి ఆనుకుని నిలబడింది. దీవెనని రెండో చంకకి మార్చుకుని అంది, "దారిలో ఎక్కడో పడిపోయుంటాదిలే. నువ్వేటి చేస్తావు, పాపం." నన్నే ఓదార్చింది. దీవెన నా వైపు చెయ్యి చాచి "రా" అంది. నేను వెళ్లలేదు.

అక్కడితో ఆగితే ఒక మనిషికే ద్రోహం చేసినదాన్ని. ఎస్తేరు నాన్న లైను పొడుగునా గార్డుల్ని అడిగాడు. ఆఖరి గార్డు, అదే బాబాయ్, ఆ పిల్ల చేతికే ఇచ్చానన్నాడు. ఎస్తేరు నమ్మలేదు. ఒకటో తరగతి నుంచి పక్కన కూర్చున్నదాన్ని వదిలి ఆయన్నెందుకు నమ్ముతుంది? వాళ్ల నాన్న నలుగురి ముందు ఆయన్ని అబద్ధాలకోరు అన్నాడు. పారేసుకుని ఆడపిల్ల మీద నెడుతున్నావన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరు ఏమిచ్చినా తీసుకోవడం మానేశాడనీ, అలాగే రిటైరయ్యాడనీ విన్నాను. ఉత్తరాన్ని అప్పటికే ఒక ఫ్లైటులో ముక్కలు చేసి, ఖాళీ భోజనం ట్రేలతో పాటు చెత్త సంచీలో వేశాను. విశాఖలో నా చోటు నాకుంది.

ఎస్తేరుకి ఢిల్లీ, రిజర్వు. పిల్లని కిరండూల్లో అమ్మమ్మ దగ్గర వదిలింది. ఎప్పుడు పిలుస్తారో తెలియని ఉద్యోగంలో వారానికి రెండు రోజులు ఎవరికి మాటివ్వగలదు? విశాఖలో మాటలు నేర్పడం ఆగిపోయింది. ఏడాది తిరక్కుండా రాజీనామా చేసి వచ్చేసింది. కిరండూల్లో ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెబుతోంది.

ఆ తర్వాత ఒకరోజు రోస్టర్ అధికారి మాటల్లో చెప్పాడు. ఎస్తేరు అప్పట్లో తన దగ్గరికి వచ్చింది ఒకే పని మీదట. మా ఇద్దరికీ ఒకే రోజు డ్యూటీ వేయొద్దని అడగడానికి. ఒకరు ఎగిరితే ఇంకొకరు పిల్లని తీసుకెళ్లొచ్చని. నన్ను అడగకుండానే నేను ఒప్పుకుంటానని నమ్మింది. అది విని బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, లిప్‌స్టిక్ వేసుకుని విమానం ఎక్కాను.

అప్పటి నుంచి తేలుకుట్టిన దొంగ బతుకు. ఆ రైలెక్కను. గార్డు పెట్టె ముందు నడవలేను. రాయపూర్ దాకా విమానంలో వచ్చి, అక్కణ్నించి బస్సులో జగదల్‌పూర్, దంతెవాడ మీదుగా బచేలీ చేరతాను. ఇంత చుట్టు తిరుగుడేంటని అమ్మ అడుగుతుంది. అమ్మకి తెలిసిపోయిందేమో అని ఆ పూట అన్నం సహించదు. ఎస్తేరు ఫోను చేస్తే ఎందుకు చేసింది? చేయకపోతే ఎందుకు చేయలేదు? మా అమ్మకి ఒంట్లో బాగా లేకపోతే తను నాలుగు రోజులు వచ్చి వండిపెట్టింది. నేను దాంట్లో కూడా ఎత్తుగడ వెతికాను.

ఈ సెలవులో నిన్న మధ్యాహ్నం కిరండూల్ వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తారని ఏడాదికొకసారి వెళ్తాను. వాళ్లింట్లో గార్డు బాబాయ్ కూర్చుని ఉన్నాడు. పక్కన ఎస్తేరు నాన్న, ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు. బాబాయ్ మోకాళ్లకి ఆనుకుని దీవెన. ఎనిమిదేళ్ల పిల్ల. గుమ్మంలో నన్ను చూసి చేతులతో ఏదో చెప్పింది. మాట రాలేదు. చేతుల భాష నాకు రాదు.

గార్డు బాబాయ్ లేచి, "కూకో అమ్మా" అని తన కుర్చీ నాకిచ్చాడు.

వాళ్లిద్దరూ ఎప్పుడు కలిశారు? ఆయన్ని ఇంట్లోకి పిలిచారంటే ఆయన మాట నమ్మినట్టే కదా? ఆయన మాట నమ్మితే నాది? వెళ్లేటప్పుడు దారంతా నేను ఎప్పటిలాగే జవాబులు కట్టుకున్నాను. ఎవరైనా అడిగితే ఇలా అనాలి, ఇలా కాకపోతే అలా అనాలి అని. ఎవరూ అడగలేదు. ఎస్తేరు నాకు టీ ఇచ్చింది. చక్కెర తక్కువ వేసింది, నాకలాగే ఇష్టమని తనకి తెలుసు. విశాఖలో వానలెలా ఉన్నాయని అడిగింది. అంతే. తనకి తెలుసో లేదో నాకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. నన్ను దొంగ అని పట్టుకుని, ఆ బరువు దింపే కష్టం వాళ్లు పడరు. నేనే చెప్పాలి, లేదా ఇలాగే టీ తాగుతూ ఉండాలి.

అక్కడ చెప్పలేకపోయాను. ఇక్కడికి వచ్చి మీకు రాస్తున్నాను. ఇది కూడా పిరికితనమే. క్షమించమని అడగను, క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా ఇన్నాళ్లలో మొదటిసారి ఒక నిజం నా చేత్తో రాస్తున్నాను. కవరు నాకు అందింది. గార్డు బాబాయ్ అబద్ధం ఆడలేదు, నేను ఆడాను.