మేజోటి పట్టీకి పేటెంటు

అమెరికాలోని మిల్వాకీ ఊరి దక్షిణపు పేటలో, కరెంటు డ్రిల్లులు చేసే ఫ్యాక్టరీలో బ్రోనియా పియెచోంకా పదకొండేళ్ళు మోటార్లకు రాగితీగ చుట్టింది. నాలుగో తరగతితో బడి మానేసినా, ఆమె చుట్టిన మోటారు ఒక్కటీ కాలిపోయి వెనక్కి రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది.

డ్రిల్లుకు బిట్టు, అంటే తొలిచే ములుకు, బిగించాలంటే తాళంచెవి లాంటి ఒక చిన్న ఇనుప చెవి ఉండాలి. అది గంటకోసారి మాయమయ్యేది. మగవాళ్ళు సగం పూట బల్లల కింద పాకుతూ వెతుక్కునేవారు. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఒకనాడు ఆ పాకడం చూడలేక, బ్రోనియా తన మేజోడు జారకుండా పెట్టుకునే రబ్బరు పట్టీ విప్పి, దాంతో చెవిని డ్రిల్లు వైరుకు కట్టేసింది. లాగితే సాగింది, వదిలితే వెనక్కి పోయింది. ఆ పూటంతా ఎడమ మేజోడు మడమ మీదే ఉంది, ఆమె మాత్రం రాణిలా తిరిగింది.

మూడేళ్ళకు హార్ట్‌విగ్ అనే కొత్త ఇంజనీరు వచ్చాడు. ఆ పట్టీని చక్కగా బొమ్మ గీసి, నోరు తిరగని పేరొకటి పెట్టి, తానే కనిపెట్టానని పేటెంటుకు కాగితాలు సిద్ధం చేయించాడు. పేటెంటు తెచ్చినవాడి పేరు ఇత్తడి రేకు మీద చెక్కి ఆఫీసు గోడకు కొట్టడం అక్కడి ఆనవాయితీ. పద్నాలుగు రేకులున్నాయి, అన్నీ మగపేర్లే. పదిహేనో మేకు అప్పుడే దిగగొట్టారు. ఆ మేకుకు తన పేరు వేలాడాలని బ్రోనియాకు పట్టుదల వచ్చింది.

పేటెంటు కాగితాలు రాసే లాయరు వచ్చిన రోజు తీగ వదిలేసి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు లాయరు.

"నా పట్టీ."

"ఈవిడ తీగ చుట్టే మనిషండీ, ఈవిడకేం తెలుసు?" అన్నాడు హార్ట్‌విగ్.

"తెలియకేం నాయనా? నీ బొమ్మలో ఈ చివర కొక్కెం ఉందే, అది దేనికో చెప్పు చూద్దాం."

"అదా... బిగుతు సరిచూడ్డానికి."

"ఎవరి తొడకి?"

లాయరు కలం ఆగిపోయింది.

"అది మేజోడు తగిలించే కొక్కెమయ్యా! చెవికి దాంతో పనే లేదు. పీకెయ్యడానికి నాకు బద్ధకం. నువ్వు దాన్నీ దించేశావు, మూడు వైపుల నుంచీ!"

లాయరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అయితే మీ పేరే రాద్దామమ్మా. ఒక్క మాట. దరఖాస్తుకు ఏడాది కంటే ముందే దీన్ని బయట అమ్మి ఉంటే మాత్రం పేటెంటు ఎవరికీ రాదు. ఆలోచించుకుని చెప్పండి."

హార్ట్‌విగ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అమ్మలేదను. ఇద్దరి పేర్లూ వేయిద్దాం."

బ్రోనియా అతణ్ణి కాళ్ళ నుంచి తల దాకా చూసింది. వీడి పక్కన నా పేరా? పైగా మూడు శరత్కాలాలుగా చర్చి సంతలో ఈ పట్టీలు అమ్ముతూ పెట్టుకున్న నా బల్లను, నేనే లేదనాలా?

"అమ్మలేదా? పక్క బల్ల స్టాసియా చేసే పియెరోగీ కుడుముల కంటే ముందు, డ్రిల్లు చెవి కట్టే నా పట్టీలే అయిపోతాయి! గులాబీ రంగువైతే పోట్లాడుకుని మరీ కొంటారు. ఇదిగో, ఏ సంవత్సరం కావాలో చూసుకో," అంటూ సంచిలోంచి చర్చి కరపత్రాలు తీసి బల్ల మీద పరిచింది. మూడింటిలోనూ పట్టీల బల్ల కింద ఆమె పేరు అచ్చులో ఉంది.

లాయరు కలానికి మూత పెట్టేశాడు. హార్ట్‌విగ్ ఆ నెలంతా తీగలు చుట్టే గది వైపు రాలేదు.

మర్నాడు పదిహేనో మేకుకు గులాబీ రంగు మేజోటి పట్టీ ఒకటి వేలాడుతోంది, కొక్కెంతో సహా. మేనేజరు వచ్చి చూశాడు, ఎర్రబడ్డాడు. ఆడవాళ్ళ లోపలి వస్తువు, చేత్తో ముట్టుకోవడానికి ఆ అంతస్తులో ఒక్క మగాడికీ ధైర్యం చాలలేదు. బ్రోనియా పని మానేసిన రోజుక్కూడా అది అక్కడే ఉంది.