నాయన చిగుళ్ళూ అమ్మవారి రథమూ

నాకు కోపం ఎక్కువని మా ఇంటా బయటా అందరూ అంటారు. ఉంటే ఉంది. ఆ కోపమే లేకపోతే ఆ ఏడు రథోత్సవానికి మా నాయన నాదస్వరం మోగేదే కాదు.

మాది చంద్రగిరి పక్కన పల్లె. నాయన ఊళ్ళోని అమ్మవారి గుడిలో నాదస్వరం వాయిస్తాడు. తాతల నాటినుంచీ మా ఇంటికి వస్తున్న సేవ. నేను దగ్గర్లోని బడిలో పంతులమ్మని. పెళ్ళయినా పక్కవీధిలోనే కాపురం కాబట్టి పుట్టింటి గడప రోజూ తొక్కుతూనే ఉంటాను. రథోత్సవం నాడు రథానికి ముందు నడుస్తూ నాలుగు వీధులూ వాయించాలి. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆ పని నాయన తప్ప ఇంకెవరూ చేయలేదు. అలాంటిది, రథోత్సవం ఇంకా కొన్ని నెలలు ఉందనగానే గుడికి పోయి, "నాకు గాలి సాలడం లేదు, బయటినుంచి వేరే మేళాన్ని పిలిపించుకోండి" అని చెప్పి వచ్చేశాడు.

గాలి చాలదా! మా వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తే చివరింట్లో ఉన్న నేను ఉలిక్కిపడతాను. ఆ మనిషికి గాలి చాలదంటే ఎవరు నమ్ముతారు? పొద్దున్నే తేల్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. నాయన పెరట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. పుక్కిలించాడు, ఉమ్మేశాడు, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. అంతే, పళ్ళు తోముకోవడం అయిపోయింది. గూట్లో ఆయన బ్రష్షు మీద దుమ్ము పట్టి ఉంది.

"ఏందిమా ఇది?" అని అమ్మను అడిగాను.

అమ్మ నాయన వైపు ఒకసారి చూసి, ఇక దాచి లాభం లేదనుకుంది. "తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తమొస్తాండాదంట మే. నోట్లో రక్తం పెట్టుకొని గుడికి యాడ పోతాడు? మైల గదా! అందుకని తోముకునేదే మానేసినాడు."

ఎన్నాళ్ళయిందంటే, పోయిన మామిడికాయల కాలం నుంచీ అంది. నాకు తల గిర్రున తిరిగింది. చిగుళ్ళు బాగాలేక రక్తం వస్తే, రక్తం రాకూడదని తోముకోవడం మానేశాడు. తోముకోకపోయేసరికి చిగుళ్ళు ఇంకా పాడయ్యాయి. ఇప్పుడు బ్రష్షు తగలకపోయినా, నాదస్వరం నోట పెట్టి ఊదితే చాలు, దాని కొసన పెదవులకు ఆనే పీకకు ఎర్రగా అంటుకుంటోంది. అమ్మవారి ముందర ఆ పీక పెట్టుకొని ఎట్లా నిలబడేదని వాయించడమే మానేద్దామనుకున్నాడు. ఇంత భక్తి ఉన్నవాళ్ళ ఇంట్లో తప్ప ఇలాంటి తెలివితక్కువతనం పుట్టదు!

"నోరు తెరువు నాయనా" అన్నాను.

"తెరవను పో."

"తెరుస్తావా, వీధిలో వాళ్ళందరినీ పిల్చేదా?"

తెరిచాడు. పళ్ళ మొదళ్ళ చుట్టూ గార గట్టిపడి పసుపచ్చగా పేరుకుంది. చిగుళ్ళు ఉబ్బి, నిగనిగలాడుతూ పళ్ళనుంచి విడివడి ఉన్నాయి. పై వరసలో ముందరి పళ్ళు వేలితో తాకితే కదిలాయి. సరిగ్గా పీక ఆనే చోటు అది. ఆ నొప్పిని ఇన్నాళ్ళూ పంటిబిగువున భరించాడు అని రాద్దామంటే, బిగువుగా ఉన్న పన్ను ఒక్కటి లేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ముందు కోపమొచ్చింది. ఆ రోజు బడికి సెలవు పెట్టి, నాయననూ నాదస్వరాన్నీ కలిపి తిరుపతి బస్సెక్కించాను. నాదస్వరం ఎందుకని అడిగితే, "డాక్టరుకు చూపించాల, పదా" అన్నాను. నిజానికి ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. ఆవేశంలో చేతికందింది తెచ్చేశాను.

అదే మంచిదయింది. పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. సన్నటి కడ్డీతో ప్రతి చిగురు లోతూ కొలిచి, ఫోటోలు తీసి, చక్కెర పరీక్ష కూడా చేయించమని రాసింది. చక్కెర ఉంటే చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుందట. తర్వాత ఆమె చూపు సంచీలోంచి బయటికి కనిపిస్తున్న నాదస్వరం మీద పడింది.

"వాయించండి పెద్దాయనా. పీక యాడ ఆనుతుందో నేను సూడాల."

"వద్దమ్మా, రక్తమొస్తాది."

"రానీండి. ఇది గుడి కాదు గదా, రక్తం కోసమే నేనీడ కూర్చోనుండాను!"

నాయన ఒక్క క్షణం నా మొహం చూసి పీక తడి చేసుకున్నాడు. ఊదాడు. అబ్బా, ఆ చిన్న గదిలో! గాజు తలుపులు అదిరాయి. బయట దవడలు పట్టుకొని కూర్చున్నవాళ్ళు లేచి వచ్చారు. పక్క లాడ్జిలో పెళ్ళికి దిగినవాళ్ళెవరో మేళం ముందే వచ్చేసిందనుకొని మేడెక్కి తొంగిచూశారు. నాయన ఆపి పీక చూపించాడు. దాని కొన ఎర్రగా ఉంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "తోమితే రక్తం రాలేదు పెద్దాయనా, తోమక వచ్చింది. గార కింద సూక్ష్మక్రిములు చేరి చిగురును తినేస్తాయి, ఆ తర్వాత ఎముకను. తరిగిపోయిన ఎముక మళ్ళీ రాదు, అబద్ధం చెప్పను. ఉండేదాన్ని మాత్రం నిలబెడతాను" అంది.

"రథానికి వాయించగలనా?" నాయన గొంతు చిన్నదయిపోయింది. గాలి చాలడం లేదన్న మాట అక్కడికక్కడే మరిచిపోయాడు.

"నేను చెప్పింది చేస్తే వాయిస్తారు."

చేశాడు! డాక్టరమ్మ తిమ్మిరి సూది వేసి చిగుళ్ళ అడుగుదాకా గార గీకేసింది. కదిలే పళ్ళను వెనకవైపు సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టింది. అవి కుదురుకునేదాకా నాదస్వరం ముట్టుకోవద్దంది. మెత్తటి బ్రష్షు చేతికిచ్చి, చిగురూ పన్నూ కలిసేచోట కాస్త వాల్చి, నెమ్మదిగా తిప్పడం నేర్పింది. పళ్ళ సందుల్లోకి దూరే బుల్లి బ్రష్షు కూడా ఇచ్చింది. ఆకూవక్కతో వేసుకునే పొగాకు మానమంది. మొదట్లో రక్తం వస్తుంది, భయపడి ఆపొద్దు, చిగురు గట్టిపడేకొద్దీ అదే తగ్గుతుందని మరీ మరీ చెప్పింది. పొద్దునా పడుకునేముందూ తోముకోవాలి. రెండింటిలో పడుకునేముందుది అసలు మానకూడదు.

ఇక మా ఇల్లు చూడాలి! పొద్దున్నే నేను ఫోన్ లైటు వేసుకొని నాయన నోట్లోకి తొంగిచూడటం, అమ్మ నా వెనక నిలబడి "ఏమే, తగ్గినాదా?" అనడం. పరీక్ష ఫలితాల కోసమైనా నేనంత ఆత్రపడలేదు. మొదట్లో నురుగంతా ఎరుపే. "సూడు, నేను చెప్పలా?" అని నాయన బ్రష్షు విసిరేయబోతే నేను గయ్యిమన్నాను. తర్వాత ఎరుపు లేతబడింది. ఆ తర్వాత ఒక పొద్దున తెల్లటి నురుగు ఉమ్మి, నాయన దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. నేను వీధిలోకి పరుగెత్తి, "మా నాయన నోట్లో రక్తం రాలేదు!" అని అరిచాను. పాలు పోస్తున్నాయన క్యాను దించి, ఎవరు ఎవరిని కొట్టారని అడిగాడు.

మళ్ళీ తిరుపతి వెళ్ళాం. డాక్టరమ్మ కొలిచి చూసి, కొంచెం కొంచెంగా ఊదమంది. మూణ్ణెల్లకోసారి వచ్చి శుభ్రం చేయించుకోకపోతే మొదటికే మోసమనీ చెప్పింది. నాయన గుడికి పోయి, "గాలి వచ్చేసినాది, బయటి మేళం వద్దు" అన్నాడు.

రథోత్సవం నాడు రథం కదిలింది. నేను అమ్మవారిని చూడలేదు, నాయన పెదవులే చూశాను. మొదటి వీధి అయింది. రెండో వీధి మలుపులో చక్రం మొరాయించి రథం ఆగిపోయింది. తాళ్ళు పట్టినవాళ్ళు రొప్పుతున్నారు. అలాంటప్పుడు మేళం కూడా కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నాయన ఆగితేనా! పైస్థాయికి ఎక్కించి అక్కడే నిలబెట్టాడు. జనం ఒక్కసారి గోవిందా అని తాళ్ళు లాగారు. చక్రం తిరిగింది. నేను గొంతు చించుకొని అరుస్తున్నాను, ఏమని అరిచానో నాకే తెలియదు.

రథం నిలయానికి చేరాక గుడి ముందర తీర్థం ఇస్తున్నారు. నాయన నాదస్వరం చంకన పెట్టుకొని వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే దోసిలి పట్టాడు. అర్చకస్వామి ఉద్ధరిణి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, వెనకున్న నాతో అన్నాడు. "మీ నాయన తీర్థం తీసుకొని ఏడాది కావస్తా ఉందమ్మా. శఠారికి తల వంచేవాడు, తీర్థానికి మాత్రం చెయ్యి పట్టేవాడు కాడు. ఏందో మొక్కు ఉండాదిలే అని నేనూ అడగలా."

మాకెవరికీ ఈ మాట తెలియదు. అమ్మకు కూడా తెలియదు. నాదస్వరం ఆగిపోతుందని మేము ఇంట్లో గోల పెట్టుకుంటున్నన్నాళ్ళూ, రక్తపు నోటితో తీర్థం పుచ్చుకోకూడదని ఆయన ఒక్కడే ఖాళీ చేత్తో పక్కకు తప్పుకుంటూ వచ్చాడు.

స్వామి తీర్థం పోశాడు. నాయన కళ్ళు మూసుకొని తాగి, తడిచెయ్యి తలకు రాసుకొని, మళ్ళీ దోసిలి పట్టాడు. స్వామి రెండోసారీ పోశాడు.