బోరు నీళ్లు తాగిన కారు: రాయదుర్గం నుంచి గుత్తి దాకా

మా చెల్లెలు సులోచన రాయదుర్గంలో నాలుగు మిషన్లు పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుట్టిస్తుంది. ఇన్నాళ్లూ ఆ సరుకు కొనేది ఒక్క దళారీయే. అతను చెప్పిందే ధర. ఈమధ్య గుత్తిలో ఒక బట్టల షాపాయన, వారం వారం తెచ్చి ఇవ్వగలిగితే నేరుగా తనే తీసుకుంటానన్నాడు. సులోచన దగ్గర ఒక పాత కారుంది, పోయినేడు కొన్నది. అది అప్పుడే రెండుసార్లు దారిలో పొగలు కక్కి నిలబడిపోయింది. సులోచన భర్త, మా మరిది, విసిగిపోయాడు. "ఈసారన్నా గుత్తికి చేరకపోతే సాయంత్రానికే అమ్మేస్తా. బ్రోకరును ఇంటికి రమ్మని చెప్పినా" అన్నాడు. కారు పోతే గుత్తి బేరమూ పోతుంది. అందుకే తోడుగా నేను బయలుదేరాను. నాకు కారు నడపడం రాదు. పక్కన కూర్చుని దేవుణ్ణి తలుచుకోవడం వచ్చు.

పొద్దున ఆరింటికి వెనక సీటు నిండా ప్యాంట్ల మూటలతో కదిలాం. కళ్యాణదుర్గంలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి వంద రూపాయల్లోపే. అక్కడి నుంచి అనంతపురానికి రోడ్డు బాగుంది. రెండువైపులా వానకోసం దున్ని పెట్టిన ఎర్రటి చేలు, దూరంగా గాలిమరలు. కాస్త ఎత్తు ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు పైకి పాకింది. సులోచన రోడ్డు పక్క ఒక ఇంటి ముందు ఆపింది. మేము అడగకముందే ఆ ఇంటామె బిందె ఎత్తుకుని వచ్చింది.

"బండి కాగిందా? నీళ్లు తీసుకోండమ్మా."

"మీకు తాగేదానికి ఉండాయా అక్కా?" అంది సులోచన.

"కొళాయి మూడు దినాలకోసారి వస్తాది. ఇవి బోరువి లే. దానికి మాత్రం గొంతు ఎండదా, పొయ్యి."

ఇంజను చల్లబడేదాకా ఆగి, మూతమీద గుడ్డ వేసి తీసి, నీళ్లు పోసుకున్నాం. ఆ తర్వాత సులోచన ఏసీ ఆపి, హీటరు పెట్టింది. ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుందట. ఆ ఎండలో హీటరు వేసుకుని, నెమ్మదిగా, పదిన్నరకు అనంతపురం చేరాం.

ఊరి మొదట్లోనే మస్తాన్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. అతను రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టాడు. వేలికి సున్నంలాంటి తెల్లటి బురద అంటింది.

"దీనికి ఏం నీళ్లు పోస్తాండారక్కా?"

"బోరు నీళ్లే అన్నా. దినామూ పొద్దున్నే ఒక చెంబు."

"దినామూనా! ఇది కారా, శివలింగమా? అభిషేకం చేస్తాండావే!"

నాకు నవ్వొచ్చింది. సులోచనకు రాలేదు. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని గీకని ఇల్లాలు మా ఊళ్లో లేదు. అదే పెచ్చు కారులోనూ కట్టి నీళ్ల దారి మూసేస్తుందని మాత్రం ఎవరికీ తోచలేదు. నీళ్ల కరువులో పెరిగినవాళ్లం. మనిషికైనా, చెట్టుకైనా మేము ముందు ఇచ్చేది నీళ్లే. రేడియేటర్ కింది పైపు బీటలిచ్చి కొద్దికొద్దిగా కారుతోంది. తగ్గినప్పుడల్లా మా చెల్లెలు నింపుతూ వచ్చింది. అంతే జరిగింది.

"పైపొక్కటి మార్చి, కడిగి ఇస్తే గంట పని. గుత్తికి పోతావు. మళ్లా వస్తావో రావో నేను చెప్పలేను" అన్నాడు మస్తాన్. "రేడియేటర్, పైపులు, థర్మోస్టాట్, అన్నీ కొత్తవి వేస్తే మధ్యాన్నం మూడు గంటలు దాటుతాది."

షాపాయన సాయంత్రంలోగా రమ్మన్నాడు. సులోచన నా వైపు చూసింది. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి ఏదైనా నా మాటకోసం చూడటం అలవాటు.

"కారు నీది, సరుకూ నీదే. నువ్వే చెప్పు" అన్నాను.

సులోచన మస్తాన్ వైపు తిరిగింది. "అన్నీ మార్చన్నా."

ఫ్యాను బెల్టు, ఎర్రమట్టితో పూడిపోయిన ఎయిర్ ఫిల్టరు, రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంటుతో సహా ఏడువేల దాకా అయ్యింది. షెడ్డు బల్లమీద పెరుగన్నం తిని నేను జపానికి కూర్చున్నాను. మస్తాన్ చేతులు కడుక్కుని నమాజుకు లేచాడు.

"చేసుకోక్కా, నేనూ చేసుకోనొస్తా. ఇద్దరం అడిగితే ఒకరి మాటన్నా వింటాడు."

వచ్చాక మిగిలిన పని ముగించి, ఇంజను వేడెక్కి రేడియేటర్ ఫ్యాను తిరిగి, చల్లబడి ఆగేదాకా నడిపి చూశాకే తాళాలిచ్చాడు. మూడున్నరకు హైవే ఎక్కాం. గుత్తి యాభై కిలోమీటర్ల పైమాట. దారిలో టోలు ఉంది. పామిడి దాటాక సులోచన, "అక్కా, ముల్లు సగం కూడా ఎక్కలేదు!" అంది.

"నేను చూస్తాండా గానీ, నువ్వు రోడ్డు చూడు" అన్నాను.

గుత్తి కోట కొండ కనిపించేసరికి ఇంకా వెలుతురుంది. షాపాయన ఒక ప్యాంటు తిరగేసి, కుట్లు లాగి చూశాడు.

"ఇంగ రావనుకుంటినమ్మా."

"బండి బాగు చేయించుకోని వచ్చినాన్నా."

"సరే, సరుకు బాగుండాది. వచ్చే వారం ఇంగ కొన్ని ఎక్కువే తీసుకోనిరా. పొద్దున్నే రావల్ల, ఇట్ల సాయంత్రం కాదు."

అప్పుడే సులోచనకు మా మరిది ఫోను, నాకూ వినపడేలా స్పీకరు పెట్టింది. "బ్రోకరు వచ్చి కూచోనుండాడు. ఏం చెప్పల్ల?"

"టీ ఇచ్చి పంపియ్యి. నేను గుత్తిలో ఉండా" అంది సులోచన.

అటువైపు వంటింట్లో డబ్బాలు కదిలిన చప్పుడు. తర్వాత, "చక్కెర యాడ పెట్టినావు?" అన్నాడు.

పాత కారు కొన్నవాళ్లను భయపెట్టడానికి చాలామంది ఉంటారు. ఆ రోజు మాకు తెలిసింది ఒకటే: అది మొండికేయడం లేదు, తనకేం కావాలో చెబుతోంది, మాకే అర్థం కాలేదు. అర్థమయ్యాక సగం రోజులో కుదుటపడింది. భగవంతుడు దారి చూపించాడనే నేను అనుకుంటాను, మస్తాన్ చేతుల మీదుగా.

మీరూ పాత కారుతో దూరం బయలుదేరేటట్లయితే, ముందురోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. తగ్గితే కూలెంటు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. రోజూ పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ముందు అది వెతికించండి.