నాయన పారబోసిన గుల్లలు

మా పీహెచ్‌డీ గైడు సారుకు మట్టి కంటే మైకు మీద ప్రేమెక్కువ. వడమాలపేట దగ్గర గుట్ట కింద మేం ఎండలో గుంత తవ్వుతా ఉంటే, ఆయన గొడుగు కింద కుర్చీ వేసుకోని ఉపన్యాసం ఇచ్చేవాడు. ఎలక పళ్లు, కప్ప ఎముకలు, నత్తగుల్లలు అబద్ధం చెప్పవంట. నీళ్లలో బతికే నత్త గుల్ల దొరికితే ఆ కాలంలో ఈడ నీళ్లున్నట్టేనంట. మాట నిజమే, చెప్పే మనిషే తేడా.

మూడేండ్లు ఆ మట్టిని జల్లెడ పట్టినాను. నా పీహెచ్‌డీ అంతా దాని మీదే ఉండాది. మోచేతి లోతులో ఒక పొర నిండా నీటినత్తల గుల్లలే దొరికినాయి, అన్నీ చిన్నవే. వేల ఏండ్ల కిందట ఈడ చెరువుండేదని, అది ఎండిపోతా ఉంటే నత్తలు ఎదగలేదని, అందుకే పెద్దవి లేవని సారు తీర్పు చెప్పేసినాడు. వయసు తేల్చే పరీక్షకు పంపిద్దామంటే, లోతు చూస్తే తెలీదా అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం.

ఒకరోజు కొన్ని గుల్లలు డబ్బాలో వేసుకోని ఇంటికి తెచ్చినాను. మా నాయన నేను పుట్టకముందు నత్తగుల్లలు కాల్చి సున్నం చేసే బట్టీ నడిపినవాడు. డబ్బాలో వేలు పెట్టి కెలికి, యాడ దొరికినాయని అడిగినాడు. చెప్పినాను.

"ఇవి మేం పారబోసినవే పాపా. చెరువుల్లో గుల్ల ఏరుకోనొచ్చి జల్లెడ పట్టేవాళ్లం. చిన్నవి వేస్తే బట్టీకి గాలాడదని, వాటిని గుట్ట కింద పోసేసినాము."

గుట్ట మీంచి వానకు కొట్టుకొచ్చిన మట్టి వాటిని కప్పేసుంటుందని కూడా ఆయనే అన్నాడు. బడి మొహం చూడని మనిషి ఒక్క నిమిషంలో తేల్చేసినాడు.

మర్నాడు సారుకు చెప్తే, మీ నాయన ఏం చదివినాడమ్మా అని నవ్వినాడు. చెరువు లేకపోతే నా థీసిసూ లేదు, తన సంతకమూ లేదన్నాడు. ఛీ, ఏం బతుకు అది! మరి నేనేం పొడిచినాను? నోరు మూసుకోని చెరువుండేదనే రాసినాను. ఆయన తెలీక నమ్మినాడు, నేను తెలిసి రాసినాను. నాకంటే ఆయనే నయం.

పట్టా వచ్చినాక నాయన దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించినాడు. నీ కూతురు ఏం కనిపెట్టిందప్పా అని ఎవరడిగినా, గుట్ట కింద ఒకప్పుడు చెరువుండేదని కనిపెట్టిందని గొప్పగా చెప్తాడు. మొదటిసారి విన్నప్పుడు ఎగతాళేమోనని ఆయన మొహం చూసినాను. కాదు. వచ్చినవాళ్లు పోయినాక, గుల్లలు తానే పోసినాడు కదా అని మెల్లగా గుర్తుచేసినాను.

నాయన ఫ్రేము మీది దుమ్ము తుడుస్తా, "నాకే మతి తప్పినట్టుండాది పాపా," అన్నాడు. "మేం పోసింది వేరే యాడో అయ్యుంటుందిలే."