టీచరమ్మ చూడని పిల్లలు

మొన్న బుధవారం పొద్దున ఆరుంబావుకు, అశోక్‌నగర్‌లో నేనుండే గది కిటికీ తుడుస్తుంటే, ఎండి గట్టిపడిన నురుగు ముద్ద ఒకటి వేలికి గరుగ్గా తగిలింది. గొల్లభామ గుడ్ల గూడు. బట్ట పక్కన పెట్టి కూర్చుండిపోయాను.

చిక్కడపల్లి సుభద్ర టీచరమ్మ ఒంటరి మనిషి. ముందుకాళ్ళు దండం పెట్టినట్టు ముడుచుకునే గొల్లభామలను గాజు సీసాల్లో పెంచేది, సాయంత్రాలు గదిలో వదిలేది. కొన్నేళ్ళ కింద ఆ ఇల్లు ఊడ్చేదాన్ని నేను. దసరాకు బూజు దులుపుతూ, పరదా కర్రకున్న గూడును మట్టి అనుకొని గీకేశాను. దాన్ని పెట్టిన తల్లి రెండు రోజుల ముందే చచ్చిపోయింది.

"మణెమ్మా, కర్రకున్న గూడేది?"

"గా మట్టిపెడ్డనా? చెత్త బండిల పోయింది."

డెబ్బై ఏళ్ళ మనిషి చెప్పులు లేకుండా ఉరికింది, వెనక నేను. నారాయణగూడ వైపు తిరిగేచోట బండి దొరికింది. బండి నడిపే మల్లేశ్ నవ్వాడు.

"ఏంది టీచరమ్మా, బంగారం పడ్డదా?"

"అంతకన్నా ఎక్కువే. జర ఆగు బిడ్డా."

చెత్తంతా చేత్తో కెలికి ఆమే తీసింది. నన్ను తిట్టినా బాగుండేది.

గూడును పుల్లకు దారంతో కట్టి సీసాలో వేలాడదీసింది. పెన్సిల్ నా చేతికిచ్చింది. "సీసా మీద 'ముట్టొద్దు' అని రాయి. నువ్వు రాస్తే నువ్వు మరువవు."

"యాభై దాటినయమ్మా. ఇప్పుడేం రాస్త?"

"చేతులున్నయి గద. పట్టు."

ఆ ఒక్క మాటకే నాలుగు రోజులు పట్టింది. తర్వాత రోజూ సీసా ముందే ఇద్దరం టీ తాగుతూ అక్షరాలు దిద్దాం. గూడులోంచి పిల్లలు దిగడం కళ్ళారా చూడాలని ఆమె కోరిక. దీపావళి దాటాక గుండె నొప్పితో బషీర్‌బాగ్ ఆసుపత్రిలో పడింది. తొమ్మిదో నాడు చీమంత పిల్లలు సన్నటి దారాలకు వేలాడుతూ దిగాయి. ఆసుపత్రిలో నన్ను లోపలికి రానియ్యలేదు. చీటీ రాసి నర్సుకిచ్చాను: "పిల్లలు వచ్చినయి. మస్తుగున్నయి."

పెద్ద పెద్ద అక్షరాలతో జవాబొచ్చింది. మెట్ల మీద కూర్చుని, కూడబలుక్కుని నేనే చదివాను. "మూత తియ్యి మణెమ్మా. సీసాల ఉంటే ఒకదాన్నొకటి తింటయి. నా కోసం ఆపకు."

ఆపాను. ఆమె వస్తుందని ఒక రోజంతా ఆపాను. మరునాటికి సీసా అడుగున కొన్నిటి కాళ్ళే మిగిలాయి. అప్పుడు మూత తీసి, మిగిలినవాటిని పెరట్లో గోరింటాకు చెట్టు మీద వదిలాను. ఆమె ఇక ఇంటికి రాలేదు.

ఇప్పుడు నా కిటికీకి కాగితం అంటించాను: ముట్టొద్దు. ఈసారి వాటికి మూత లేదు.

మూత తీసిన ఆ నాడు పెరట్లో ఉన్నది నేను, పక్కింటి యాదమ్మ, బండి ఆపి చూడవచ్చిన మల్లేశ్. టీచరమ్మ లేదు.