బాపు విన్న విమానం

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ముందుగా నవ్వేది నేనే. కోరుట్లలో ఇంటర్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. కారణం లేనిదే ఏదీ జరగదని నమ్మే మనిషిని. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ కిందటి వానాకాలం చివర గొల్లపల్లి దగ్గర జరిగినదాన్ని ఏమనాలో మాత్రం తెలియడం లేదు.

నాకొక పిచ్చి ఉంది. కంప్యూటర్‌లో విమానాలు నడుపుతాను. దాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. నాలాంటి వాళ్లం కొందరం ఆన్‌లైన్‌లో కలిసి, ఎప్పుడో ఆగిపోయిన పాత విమానాల దారులను మళ్లీ తయారు చేస్తుంటాం. ముందు ఫ్యాను తిరిగే ఆ చిన్న విమానాలు ఎక్కడెక్కడ దిగేవో వెతికి, ఆ మైదానాలను ఉన్నవి ఉన్నట్టుగా తెర మీదికి తేవాలి. హైదరాబాద్ నుంచి ఉత్తరానికి పోయే దారి నా వంతుకు వచ్చింది.

ఒక పాత మ్యాపులో గొల్లపల్లి దాటాక చిన్న విమానం గుర్తు కనిపించింది. అవసరం పడితే దిగడానికి అప్పట్లో చదును చేసిన నేల అది. ఇప్పుడక్కడ పొలాలే. ఉపగ్రహం ఫొటోలో మాత్రం తూర్పు పడమరలుగా ఒక తిన్నని గీత లీలగా ఉంది. కళ్లారా చూడాలనిపించింది.

ఆ ఆదివారం మా నాన్న, అంటే మా బాపు, సిరిసిల్ల నుంచి వచ్చి ఉన్నాడు. బతుకంతా మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ చప్పుడుకే చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే కాస్త వినిపిస్తుంది గానీ, అది కూత పెడుతుందని ఇంట్లోనే పడేస్తాడు. ఆ రోజూ పెట్టుకోలేదు. స్కూటీ వెనక కూర్చుని నాతో బయల్దేరాడు. జగిత్యాలలో చెరుకు రసం తాగేటప్పుడు నవ్వాడు.

"లేని ఇమానం కోసం గీ ఎండల తిరుగుడేంది బిడ్డా?"

పొలం దగ్గర లచ్చవ్వ అనే ఆవిడ మేకలకు గడ్డి కోస్తోంది. భూమి వాళ్లదే. ఒకసారి చూసి వస్తామంటే, "పోండ్రి, గది బీడే" అంది.

సెల్‌లోని గీత మీదే చూపు పెట్టి, నడుం దాకా పెరిగిన గడ్డిలో నడుస్తున్నాను. బాపు నా వెనకే. మిట్టమధ్యాహ్నం. ఆకు కూడా కదలడం లేదు.

ఉన్నట్టుండి బాపు అరిచాడు. "బిడ్డా, వంగు! ఇమానం!"

తిరిగి చూసేలోపే నా భుజాలు పట్టి కిందికి లాగాడు. ఇద్దరం గడ్డిలో పడ్డాం. చేతిలోని సెల్ ఎగిరి ముందుకు పోయింది. అది నేల మీద పడిన చప్పుడు రాలేదు. కాస్త ఆగి, ఎక్కడో లోతున నీళ్లలో పడిన చప్పుడు వచ్చింది.

గడ్డి పక్కకు తీశాను. నా తలకు మూరెడు దూరంలో నేల లేదు. గట్టు లేని పాత బావి. తీగలు అల్లుకుని దాని నోరు మూసేశాయి. నాకు ఈత రాదు.

బాపు ఇంకా బావిని చూడనేలేదు. ఆకాశం వైపు చూస్తున్నాడు. తూర్పు నుంచి పడమరకు చెయ్యి ఊపి, "నెత్తి మీదికెళ్లే పోయింది. చెవులు గుయ్యిమన్నయ్" అన్నాడు.

పైన ఏమీ లేదు. పాత మైదానం ఏ దిక్కుగా ఉందో ఆయనకు నేను చెప్పలేదు. ఆయన చెయ్యి మాత్రం సరిగ్గా ఆ గీత వెంటే కదిలింది.

అప్పుడు బావి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, స్కూటీ దగ్గరికి వచ్చేదాకా వదల్లేదు.

లచ్చవ్వ ఉరికొచ్చింది. "అయ్యో బిడ్డా, గాడ పాత బాయున్నదని చెప్పుడే మరిశిన!"

విమానం చప్పుడు విన్నావా అని అడిగాను.

"ఏ ఇమానం? కరెంటు లేక మోటర్లు సుత బందున్నయ్. నాకేం ఇనవడలే" అంది. చెంబుతో నీళ్లిచ్చి, మా ఇద్దరి వీపులు నిమిరింది. తర్వాత ఆ బావి చుట్టూ ముళ్లకంప వేయించింది.

బాపును చెవుల డాక్టరుకు చూపించాను. వినికిడి ఏమాత్రం మెరుగుపడలేదన్నాడు. అలాంటి చెవుల్లో ఒక్కోసారి లేని హోరు వినిపిస్తుందని కూడా చెప్పాడు. అయి ఉండవచ్చు. కానీ అది సరిగ్గా ఆ అడుగు దగ్గరే, ఆ గీత వెంటే వినిపించింది.

మైదానాన్ని తెర మీద పూర్తి చేశాను. మొదటిసారి అక్కడ విమానం దింపిన రోజు, చక్రాలు నేలను తాకగానే చేతులు జోడించాను. ఎవరికో నాకే తెలియదు. మొక్కకుండా మాత్రం ఉండలేకపోయాను.

బాపుకు మాత్రం నా గురించే దిగులు. ఎప్పుడు ఫోన్ చేసినా, నా మాట వినడానికి సెల్‌ను చెవికి గట్టిగా అదిమిపెట్టుకుని అదే అడుగుతాడు.

"గంత పెద్ద చప్పుడు నీకెట్ల ఇనవడలే బిడ్డా? ఒక్కపారి నువ్వు సుత చెవులు సూపిచ్చుకోరాదు?"

సరే బాపూ అంటాను.